అమ్మలూ, ముందు మ్యాగజైన్ తియ్యి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ ఆయన ఫోన్ చేశాడు. స్టోర్ సంగతులు, బాబు దగ్గు సంగతి అన్నీ అయ్యాక, "అత్తయ్యగారూ, తను సెకండ్ హ్యాండ్ పిస్టల్ కొంటానంటోంది, మీకు చెప్పిందా?" అని మెల్లిగా అడిగాడు. చెప్పలేదు కదమ్మా నువ్వు. పోయిన ఆదివారం గంటసేపు నా వంటింట్లో కూర్చుని పెసరట్లు తిని వెళ్ళావు, ఒక్క ముక్క అనలేదు. రాత్రంతా దొర్లి దొర్లి, నాలుగింటికి లేచి కాఫీ కలుపుకుని ఇది రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని తోసేస్తావు. కాగితం మీదైతే చివరిదాకా చదువుతావు.

కోపం వచ్చిన మాట నిజం. దాని వెనకే గర్వమూ వచ్చింది. గిద్దలూరులో బల్లి కనబడితే మంచమెక్కి ఏడ్చిన పిల్లవి, ఇవాళ టెక్సస్‌లోని గార్లండ్‌లో రాత్రి పదకొండింటికి స్టోర్ కట్టేసి, క్యాష్ బ్యాగు చంకన పెట్టుకుని ఒక్కదానివే కారు దాకా నడుస్తున్నావు. ఆ పార్కింగ్ లాట్‌లో సగం లైట్లు వెలగవని నాకూ తెలుసు.

వద్దనను. వద్దనే హక్కు నాకు లేదు. 1998లో మీ పెదనాన్న కౌంటర్ దగ్గర ఉండగా ఇద్దరు వచ్చి, నుదుటికి తుపాకీ ఆనించి గల్లాపెట్టె ఊడ్చుకుపోయారు. అందులో రెండు వందల డాలర్లు కూడా లేవు. తర్వాతి ఏడాదే నేను కొన్నాను. అప్పుడు నాకు చెప్పేవాళ్ళెవరూ లేరు. నీకు నేనున్నాను.

ముందు కాగితాలు. నీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి కొనొచ్చు. అది సిటిజన్‌షిప్ కాదన్న సంగతి మాత్రం మరవకు. తుపాకీ కేసులో శిక్ష పడితే గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళనైనా దేశం నుంచి పంపించెయ్యొచ్చని ఇక్కడి ఇమిగ్రేషన్ చట్టంలోనే ఉంది. అందుకే ఎవరో కస్టమర్ చవగ్గా ఇస్తానన్నాడని కొనకు. టెక్సస్‌లో ఒకే రాష్ట్రం వాళ్ళు ఒకరికొకరు బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే కొనేవాళ్ళ పాత కేసులు చూడటం, లేకుండా అమ్ముకోవచ్చు, నిజమే. కానీ అది ఎవరింట్లో దొంగిలించిందో, దేనికి వాడిందో నీకేం తెలుస్తుంది? లైసెన్స్ ఉన్న షాపులోనే కొను. ఒకవేళ తెలిసినవాళ్ళ దగ్గరే కొన్నా, ఇద్దరూ షాపుకి వెళ్ళి వాళ్ళ ద్వారా మార్పించుకో. ఫీజు ఏ నలభై డాలర్లో అవుతుంది, దానికి వెనకాడకు. షాపులో 4473 ఫారం, అంటే కొనేవాళ్ళ వివరాలు రాసే కాగితం, నింపాలి. మన ఇంటిపేర్లు గ్రీన్ కార్డ్ మీద ఒకలా, డ్రైవింగ్ లైసెన్స్ మీద ఇంకోలా ఉంటాయి, ముందే సరిచూసుకో. చెక్ ఒక్కోసారి "డిలే" అని వస్తుంది. రెండు మూడు రోజులు ఆగు, కంగారు పడకు. సీరియల్ నంబర్ చెరిపినట్టు, గీకినట్టు ఏ మాత్రం అనిపించినా చేత్తో కూడా పట్టుకోకు.

ఇంకొక మాట. నీ మరిది మీ ఇంట్లోనే ఉంటున్నాడు కదా, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద. హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఆ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ, గుళ్ళు దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. "ఒక్కసారి చూస్తాను వదినా" అంటాడు. ఫొటో దిగుతానంటాడు. ఇవ్వకు. సేఫ్ కోడ్ కూడా చెప్పకు. వాడి చదువు, వాడి వీసా, ఊళ్ళో వాడి నాన్న తెచ్చిన అప్పు అన్నీ ఆ ఒక్క ఫొటోతో పోతాయి.

ఇక పిస్టల్. షాపువాడు ఆడవాళ్ళని చూడగానే అరచేతిలో పట్టేంత చిన్నది తీసి పెడతాడు. పిస్టల్ ఎంత చిన్నదైతే చేతిని అంతగా తన్నుతుంది, గురీ అంతగా తప్పుతుంది. నీ చేతులు మా అమ్మ చేతుల్లా చిన్నవి. స్లైడ్‌ని, అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ జరిగే భాగాన్ని, పూర్తిగా వెనక్కి లాగగలవో లేదో షాపులోనే పది సార్లు లాగి చూడు. గ్లాక్ 19 చూడు, సిగ్ పి365 చూడు. స్లైడ్ లాగడం కష్టంగా ఉంటే స్మిత్ అండ్ వెసన్ షీల్డ్ ఈజీ చూడు, అది మెత్తగా కదలడానికే చేసింది. కానీ 9 ఎంఎం ఈజీల్లో 2020 మార్చి నుంచి అక్టోబర్ దాకా తయారైనవాటిలో కొన్నిటికి హ్యామర్‌లో, అంటే గుండు పేలేలా కొట్టే భాగంలో, లోపం ఉందని ఆ కంపెనీయే ప్రకటించి, ఉచితంగా మార్చి ఇచ్చింది. పాతది కొనేటప్పుడు ఏ కంపెనీదైనా సరే సీరియల్ నంబర్‌తో ఇలాంటి సంగతి కనుక్కో.

పైన గీతలుంటే భయపడకు. హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో, పెట్టి తీసీ తీసీ అంచుల్లో రంగు పోతుంది. అలాంటివి చాలావరకు ఎక్కువ మోసినవే, ఎక్కువ కాల్చినవి కావు. లోపల చూడు. చిన్న లైటు వేసి బ్యారెల్‌లో మెలికల గాళ్ళు పదునుగా ఉన్నాయా, ఎక్కడైనా ఉంగరంలా ఉబ్బు నీడ కనబడుతోందా అని చూడు. అలా ఉంటే వద్దు. ఖాళీ పిస్టల్‌ని పైకి ఎత్తి పట్టుకుని స్లైడ్ కాస్త వెనక్కి లాగి వదిలితే అది దానంతటదే పూర్తిగా ముందుకు వెళ్ళాలి. వెళ్ళకపోతే స్ప్రింగ్ అలిసింది. స్ప్రింగ్ పెద్ద ఖర్చు కాదు, ఎలాగూ కొత్తది వేయించు. ముందున్నవాడు ట్రిగ్గర్ మార్పించి మెత్తగా చేయించుంటే మాత్రం వదిలెయ్యి. ఎవరో గరాజ్‌లో గీకిన ట్రిగ్గర్‌ని నువ్వు నడుముకి కట్టుకోవద్దు.

ఇక అసలు మాట. ఇది మీ అమ్మకి కూడా నేను చెప్పలేదు.

1999లో నా పిస్టల్ కొన్నది షాపులో కాదు. మా స్టోర్‌కి రోజూ కాఫీకి వచ్చే ఒకతని దగ్గర, పార్కింగ్ లాట్‌లో కొన్నాను. మంచివాడే. కాగితపు సంచిలో పెట్టి ఇచ్చాడు. నేను లెక్కపెట్టి డబ్బిచ్చి లోపలికి వచ్చేశాను. లోడ్ అయి ఉందా అని అడగలేదు. అతనూ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం వంటింటి టేబుల్ మీద పాత తువ్వాలు పరిచి శుభ్రం చేద్దామని కూర్చున్నాను. మీ పెదనాన్న రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్నారు. మీ అక్కకి అప్పుడు తొమ్మిదేళ్ళు. స్లైడ్ వెనక్కి లాగాను. ఒక గుండు ఎగిరి తువ్వాలు మీద పడింది. "అమ్మయ్య, ఖాళీ అయింది" అనుకున్నాను. తర్వాత మ్యాగజైన్, అంటే పిడిలో ఉండే గుళ్ళ డబ్బా, తీసి పక్కన పెట్టాను. చూశావా, తప్పు అక్కడే జరిగిపోయింది. మ్యాగజైన్ లోపలుండగా స్లైడ్ లాగితే ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక గుండు కూర్చునే చోట, ఉన్న గుండు బయటికి వస్తుంది, స్లైడ్ ముందుకు వెళ్తూ మ్యాగజైన్‌లో ఉన్న ఇంకో గుండుని ఛాంబర్‌లోకి నెడుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీస్తే ఏం లాభం? చేతిలో ఉన్నది నిండు తుపాకీ. నేను మాత్రం ఖాళీ అనుకుంటున్నాను. నాది విప్పడానికి ముందు ట్రిగ్గర్ నొక్కాల్సిన రకం. గ్లాక్‌లన్నీ అంతే. నొక్కాను.

మీ అక్క అంతకు అరనిమిషం ముందే ప్యాంట్రీలోంచి జంతికల డబ్బా పట్టుకుని బయటికి వచ్చింది. గుండు ఆ ప్యాంట్రీ తలుపులోంచి దూసుకుపోయి లోపలి బియ్యం బస్తాలో ఆగింది. నాకు చెవులు మూసుకుపోయాయి. తలుపు తోసి చూస్తే సోనా మసూరి బియ్యం చిన్న ధారగా నేల మీదికి కారుతోంది. చప్పుడే లేదు. బియ్యం అంత నిశ్శబ్దంగా కారడం నేనెప్పుడూ చూడలేదు. మీ అక్క నోరు కదుపుతోంది, ఏమంటోందో వినబడలేదు. దాని ఒళ్ళంతా తడిమాను, తల, వీపు, కాళ్ళు, మళ్ళీ తల. అది జంతిక నములుతూనే ఉంది.

మీ పెదనాన్న లుంగీతో పరిగెత్తుకొచ్చారు. ఒక్క మాట అనలేదు. ఆ సాయంత్రం పళ్ళెం, జల్లెడ తెచ్చుకుని నేల మీద కూర్చుని బస్తా అంతా జల్లించి ఆ గుండు వెతికి తీశారు. ముక్కు కాస్త నలిగిందంతే. దాన్ని నా చేతిలో పెట్టి, "ఇది నీ దగ్గరే ఉంచుకో" అన్నారు. ఇప్పటికీ నా పూజ అలమర సొరుగులో ఉంది. తలుపులోని కంత కూడా నేను పూడ్చనివ్వలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏమిటో తెలుసా? మా నాన్న, అంటే మీ తాతయ్య, దగ్గర ఒంటి గొట్టం తుపాకీ ఉండేది. అడవిపందులు కంది చేలో పడితే దాంతో బెదరగొట్టేవాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని గోనెగుడ్డలో చుట్టి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవాడు. గోడకి తగిలించే ముందు ప్రతిసారీ దాన్ని మడిచి, గొట్టం కిటికీ వైపు ఎత్తి అవతలి వెలుతురు చూసేవాడు. నన్నూ చూడమనేవాడు. "వెలుతురు కనబడిందా?" అని అడిగి, నేను కనబడిందంటేనే మేకుకి తగిలించేవాడు. పదేళ్ళు చూశాను అది. ఇక్కడికొచ్చాక ఒక్క మధ్యాహ్నం మరిచిపోయాను.

నీ దగ్గరికి పిస్టల్ ఎవరి చేతినుంచి వచ్చినా, షాపువాడు నీ ఎదుటే ఖాళీ చేసి ఇచ్చినా, ముందు మ్యాగజైన్ తియ్యి. తర్వాత స్లైడ్ లాగి తాళం పడేలా ఆపు. ఛాంబర్‌లో కంటితో చూడు, చిటికెన వేలు పెట్టి తడిమి చూడు. మ్యాగజైన్ తీసిన సందులోంచి కింద నేల కనబడాలి. అదే మీ తాతయ్య చూసిన వెలుతురు. ఇదంతా అయ్యాక మళ్ళీ ఇంకోసారి చెయ్యి. ఎవరైనా నవ్వితే నవ్వనీ.

మోసుకెళ్ళే సంగతికి వస్తే, పర్సులో పడెయ్యొద్దు. తాళాలు, లిప్‌స్టిక్, బాబు చాక్లెట్ల మధ్య పిస్టల్ ఏమిటి? నీ పర్సులో చెయ్యి పెట్టడం వాడికి అలవాటు కూడాను. ట్రిగ్గర్ పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్, దానికి తగ్గ బెల్టు కొనుక్కో. పిస్టల్‌లో మిగిలించిన డబ్బు అక్కడ ఖర్చు పెట్టు. కుర్తా వేసుకున్న రోజు మరీ జాగ్రత్త. హోల్‌స్టర్‌లోకి తిరిగి పెట్టేటప్పుడు కుర్తా అంచు, చున్నీ కొస లోపలికి పోయి ట్రిగ్గర్‌కి చుట్టుకుంటే అదే వేలి పని చేస్తుంది. గుడ్డ పక్కకి తీసి, చూస్తూ, నెమ్మదిగా పెట్టు. పెట్టడంలో ఎప్పుడూ తొందరుండదు.

2021 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో 21 ఏళ్ళు నిండి, అర్హత ఉన్నవాళ్ళకి తుపాకీ వెంట పెట్టుకుని తిరగడానికి క్యారీ లైసెన్స్ అక్కర్లేదు. అయినా నువ్వు తీసుకో. బాబుని రోజూ స్కూలు దగ్గర దింపుతావు. స్కూలు చుట్టూ వెయ్యి అడుగుల లోపల తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం ఉంది. రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్ళకి అందులో మినహాయింపు ఉంది. అదున్నా స్కూలు బిల్డింగులోకి మాత్రం తీసుకెళ్ళకూడదు. పరీక్షలో 3, 7, 15 గజాల దూరం నుంచి 50 గుళ్ళు కాల్పిస్తారు. ఆ క్లాసులో నువ్వు నేర్చుకునేది ఎలాగూ అవసరమే. పోస్టాఫీసులోకి, కోర్టులోకి తీసుకెళ్ళకు. బార్ల దగ్గర ఎర్రగా 51 అని బోర్డు ఉంటుంది, అక్కడికీ వద్దు. తలుపు మీద తుపాకీతో రావద్దని 30.06 నంబర్‌తో ఇంగ్లీషు, స్పానిష్‌లో బోర్డు ఉంటే వెనక్కి తిరిగిరా.

పోలీసు కారు ఆపితే రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉంచు. లోపలి లైటు వెయ్యి. "నా దగ్గర తుపాకీ ఉంది, ఫలానా చోట ఉంది, మీరెలా చెయ్యమంటే అలా చేస్తాను" అని నెమ్మదిగా చెప్పు. అతను అడిగేదాకా లైసెన్స్ కోసం కూడా చెయ్యి కదపకు. మన రంగు, మన యాస, రాత్రిపూట, నడుముకి తుపాకీ. ఇది తలుచుకుంటే నాకు ఆ దొంగల భయం కంటే ఎక్కువ భయం వేస్తుంది తల్లీ. అద్దం ముందు కూర్చుని ఆ మాటలు పది సార్లు అనుకో.

ఇంట్లో గోడకి గానీ నేలకి గానీ బిగించిన సేఫ్ ఉండాలి. బీరువాలో చీరల కింద దాస్తే పిల్లలకి దొరకదని అనుకోకు, పిల్లలు మొదట వెతికేది అక్కడే. 17 ఏళ్ళలోపు పిల్లలకి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలితే ఇక్కడ నేరం. కేసు సంగతి అటుంచు. నాకు కళ్ళు మూసుకుంటే ఆ బియ్యం ధారే కనబడుతుంది. ఒక్కోసారి అక్కడ నీ కొడుకు నిలబడి ఉంటాడు. కారులోనూ రాత్రి వదలకు.

కొన్నాక రేంజ్‌లో, అంటే కాల్పులు సాధన చేసే చోట, రెండు వందల గుళ్ళయినా కాల్చు. దగ్గర పెట్టుకునే హాలో పాయింట్లు, అంటే ముక్కు బోలుగా ఉండే గుళ్ళు, కూడా ఒక పెట్టె కాల్చి, ఎక్కడైనా ఇరుక్కుంటోందేమో చూడు. ఇరుక్కుంటే మ్యాగజైన్ మార్చి చూడు, ఎక్కువసార్లు తప్పు దానిదే ఉంటుంది.

గల్లాపెట్టె కోసం మాత్రం ఎప్పుడూ పిస్టల్ తియ్యకు. అడిగితే ఇచ్చెయ్యి, క్యాష్ బ్యాగు కూడా విసిరెయ్యి. మీ పెదనాన్న ఆ రోజు ఇచ్చేశారు కాబట్టే ఇవాళ హాల్లో కూర్చుని నా కాఫీ చల్లారిందని సణుగుతున్నారు.

శనివారం పదింటికి నా దగ్గరికి రా. బాబు పెదనాన్న దగ్గర ఉంటాడు, జంతికలు చేసిపెట్టాను. షాపుకి ఇద్దరం కలిసి వెళ్దాం. నాకు మోకాళ్ళ నొప్పి, డ్రైవింగ్ నువ్వే. వెళ్ళేముందు ఆ ప్యాంట్రీ తలుపు చూపిస్తాను, ఒకసారి వేలు పెట్టి చూడు.

మీ అమ్మకి ఇప్పుడే చెప్పకు. నేనే చెబుతాను, బీపీ మాత్ర వేసుకున్నాక.

మీ పెద్దమ్మ