బబుల్ బాత్ చేయిస్తే పాపకు యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తుందా?

మీరు అడిగింది ఇదీ: పాపకు మూడున్నరేళ్ళు, ఆదివారాలు టబ్బులో బబుల్ బాత్ (నురగ వచ్చే ద్రవం కలిపిన నీళ్ళలో స్నానం) చేయిస్తున్నారు, రెండు రోజులుగా ఉచ్చ పోసేటప్పుడు ఏడుస్తోంది, జ్వరం లేదు. ఇది ఆ నురగ వల్ల వచ్చిన ఇన్ఫెక్షనేనా, టెస్ట్ చేయించాలా, లేక మీ అత్తమ్మ అన్నట్టు బార్లీ నీళ్ళు చాలా అని.

నేను డాక్టర్ని కాను. కడపలో ఉంటాం. ఇదే బాధతో మా పాపను రెండుసార్లు పిల్లల డాక్టర్ దగ్గరికి ఎత్తుకుపోయాను కాబట్టి రాస్తున్నా. మొదటిసారి తప్పు ఆ నురగ సీసాదే, కానీ ఇన్ఫెక్షన్ లేదు. రెండోసారి ఇన్ఫెక్షన్ ఉంది, అప్పటికి సీసా వాడటం మానేసి రెండు నెలలైంది. కాబట్టి సీసా ఈరోజే పక్కన పెట్టేయండి, టెస్ట్ కూడా చేయించండి. ఒకటి చేశాం కదా అని రెండోది వదిలేయొద్దు.

మా ఆడబిడ్డ వాళ్ళు వేసవి సెలవులకు డల్లాస్ నుంచి వచ్చినప్పుడు పాప కోసం గులాబీ రంగు బబుల్ బాత్ సీసా ఒకటి తెచ్చింది. మాకు బాత్‌టబ్ ఎక్కడిది? బట్టలు నానబెట్టే నీలం ప్లాస్టిక్ టబ్బే. మా వీధిలో బోరు నీళ్ళు ఎంత ఉప్పంటే, సబ్బు అరిగిపోయేదాకా రుద్దినా నురగ రాదు, ఒంటికి తెల్లగా జిడ్డు పట్టుకుంటుంది. అలాంటి నీళ్ళలో ఆ సీసాలోది రెండు మూతలు పోసేసరికి టబ్బు అంచు దాటి పొంగింది. షాంపూల్లో వాడే డిటర్జెంట్ రకం కదా, ఉప్పునీళ్ళను లెక్కచేయదు. పాప ఆ నురగ గడ్డానికి అంటించుకుని "నేను తాతను" అని నవ్వుతూ ఉంటే నేను ఫోటోలు తీస్తూ కూర్చున్నా. మే నెల, బయట ఎండ దంచేస్తోంది, అది టబ్బులోంచి లేవనంటుంది. మా అత్తమ్మ ఏమో "టబ్బెడు నీళ్ళు ఊరికే పారబోస్తారా, ఇంకాసేపు ఆడుకోనీ" అనేది. అలా రోజుకు ముప్పావు గంట. చివర్లో మంచినీళ్ళు పోయడం కూడా లేదు, వాసన పోతుందని అలాగే టవల్‌తో తుడిచేసేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

పది రోజులకు బాత్రూమ్‌లోంచి కేక. "అమ్మా, కారంగా ఉంది!" మంట అనడం దానికి ఇంకా రాదు. చూస్తే అక్కడ ఎర్రగా కందిపోయి ఉంది. జ్వరం లేదు, తిండి బాగానే తింటోంది. మా ఇంట్లో ఏ జబ్బుకైనా మొదటి తీర్పు "వేడి చేసింది" అనే వస్తుంది. రెండు రోజులు బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, మజ్జిగ నడిచాయి. మూడో రోజు ఉచ్చ వస్తోందన్నా పోనని మొండికేసింది. అప్పుడు భయమేసి తీసుకుపోయాం.

డాక్టరమ్మ స్టెతస్కోప్ తీయకముందే "స్నానం ఎలా చేయిస్తారు?" అని అడిగింది. సీసా సంగతి చెప్పాను. యూరిన్ టెస్ట్‌లో పస్ సెల్స్ (చీము కణాలు) 2 నుంచి 4, అంటే మామూలే. కల్చర్‌లో, అంటే ల్యాబ్‌లో ఉచ్చను ఉంచి క్రిములు పెరుగుతాయా అని చూసే టెస్ట్‌లో, ఏ క్రిమీ పెరగలేదు. ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు చెప్తా. ఆడపిల్ల పెద్దమనిషి అయ్యేదాకా అక్కడి చర్మం చాలా పల్చగా ఉంటుంది, దాన్ని దళసరిగా ఉంచే ఈస్ట్రోజెన్ హార్మోన్ ఇంకా ఒంట్లో తగినంత తయారు కాదు. డిటర్జెంట్ నీళ్ళలో నానితే ఆ చర్మం, ఉచ్చ వచ్చే దారి చివర ఒరిసిపోతాయి. పుండు మీద ఉప్పు పడ్డట్టే, దాని మీద ఉచ్చ పడితే చురుక్కుమంటుంది. క్రిమి లేకుండానే అచ్చం ఇన్ఫెక్షన్‌లాగే ఏడిపిస్తుంది. యాంటీబయాటిక్ రాయలేదు. సీసా ఆపమంది, సబ్బు కూడా అక్కడ వద్దంది, ఉత్త గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తని బట్టతో అద్ది, పెట్రోలియం జెల్లీ పల్చగా రాయమంది. నాలుగో రోజుకు తగ్గిపోయింది.

అంటే బబుల్ బాత్ వల్ల ఇన్ఫెక్షన్ రాదా? నేరుగా తెస్తుందనడానికి గట్టి రుజువేమీ లేదంది డాక్టరమ్మ. ఇన్ఫెక్షన్ తెచ్చేది ఎక్కువగా ఈ.కోలై, మన పేగుల్లోనే ఉండే క్రిమి. ఆడపిల్లలకు ఉచ్చ దారి చాలా పొట్టి కాబట్టి వెనక నుంచి ముందుకు, అక్కడి నుంచి లోపలికి తొందరగా ఎక్కుతుంది. కాకపోతే మంటకు భయపడి పిల్ల ఉచ్చ బిగబడుతుంది చూడండి, ఆ బిగబట్టడం మంచిది కాదు. లోపల ఉచ్చ నిలవ ఉంటే క్రిములకు పండగే. అందుకే మళ్ళీ మళ్ళీ ఇన్ఫెక్షన్ వచ్చే పిల్లలకు నురగ స్నానాలు వద్దని చెప్తారు.

నురగ సీసా లేదని ధీమాగా ఉండే ఇళ్ళలో కూడా ఇదే మంట వస్తుంది, ఒకసారి చూసుకోండి. తలంటి పోసేటప్పుడు షాంపూ నురగంతా పిల్ల కూర్చున్న టబ్బులోకే దిగుతుంది. కుంకుడుకాయ రసం కంట్లో పడితే ఎలా ఉంటుందో మనకు తెలియనిదా, అక్కడా అంతే. మా ఆయనకైతే పాప బకెట్లో మూతెడు యాంటీసెప్టిక్ కలపనిదే తృప్తి ఉండేది కాదు, శుభ్రం అని. అదీ మాన్పించాను. ఇప్పుడు తలకు నిలబెట్టి పోస్తాం, నురగ కిందికి పోతుంది, చివర్లో రెండు చెంబులు మంచినీళ్ళు. నలుగు పెట్టినా అక్కడ రుద్దం.

ఇక రెండోసారి. జులైలో, స్కూలు తెరిచి నెల దాటాక, ఒక రాత్రి 102 జ్వరం. జలుబు లేదు, దగ్గు లేదు, ఒకసారి వాంతి. ఊళ్ళో అందరికీ వైరల్ ఫీవర్లు, మేమూ అదే అనుకున్నాం. మా ఆయన మెడికల్ షాపుకు పోయి యాంటీబయాటిక్ సిరప్ తెస్తానని చెప్పులేసుకున్నారు, షాపు మూసేయడం మా అదృష్టం. ఎందుకంటే యాంటీబయాటిక్ రెండు డోసులు పడినా కల్చర్‌లో క్రిమి దొరక్కుండా పోవచ్చట. శాంపిల్ ముందు, మందు తర్వాత.

పొద్దున డాక్టరమ్మ యూరిన్ అనగానే "ఆ సీసా ఎప్పుడో మానేశాం మేడమ్" అన్నాను, నేరం నాది కాదన్నట్టు. ఆమె నవ్వి, కారణం కనిపించని జ్వరం చిన్నపిల్లలకు వస్తే ఉచ్చ చూడాల్సిందే అంది. పస్ సెల్స్ లెక్కపెట్టలేనన్ని, నైట్రైట్ పాజిటివ్ (అదీ క్రిములున్నాయనడానికి గుర్తే), తర్వాత వచ్చిన కల్చర్‌లో ఈ.కోలై లక్షకు పైగా, అంటే ఇన్ఫెక్షనే. స్కాన్‌లో కిడ్నీలు బాగానే ఉన్నాయి. కొంతమంది పిల్లలకు ఉచ్చ బ్లాడర్ నుంచి వెనక్కి కిడ్నీల వైపు తన్నుతుందట, మళ్ళీ జ్వరంతో వస్తే దానికి వేరే టెస్ట్ చేద్దామంది. పది రోజులు మందు. మూడో రోజుకే పిల్ల గంతులేసింది, అయినా మందు సీసా పూర్తి చేశాం.

అప్పుడు ఆమె ఒక ప్రశ్న అడిగింది, నేను జన్మలో మర్చిపోను. "ఆడుకుంటూ ఆడుకుంటూ ఉన్నట్టుండి మడమ మీద కూర్చుంటుందా?"

కూర్చుంటుంది! ఎన్నోసార్లు చూశాను. బొమ్మలతో ఆడుతూ ఆడుతూ ఠక్కున ఒక కాలు మడిచి, మడమ తొడల మధ్య గట్టిగా ఒత్తి పెట్టుకుని, కదలకుండా పది సెకన్లు అలా ఉండిపోతుంది. ముఖం కాస్త బిగుస్తుంది. మళ్ళీ లేచి పరుగు. అదేదో దాని ఆట అనుకుని మేము నవ్వుకునేవాళ్ళం. అది ఉచ్చ ఆపుకునే పద్ధతి అట. మెల్లగా అడిగితే తేలింది: స్కూల్లో బాత్రూమ్ గడియ పడదు, లోపల చీకటి, అందుకని పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఇంటికొచ్చేదాకా పోదు. ఉచ్చ వస్తుందని నీళ్ళ సీసా కూడా ముట్టదు. రోజూ బాటిల్ నిండుగానే తిరిగొస్తుంటే నేను దాన్ని తిట్టాను తప్ప ఎందుకని ఆలోచించలేదు.

దానికి తోడు మలబద్ధకం. మా పాప మూడు రోజులకోసారి, మేక పెంటికల్లా పోయేది. కడుపులో మలం గట్టిపడి నిండితే బ్లాడర్‌ను నొక్కుతుంది, ఉచ్చ పూర్తిగా ఖాళీ కాదు. ఇది సరిచేయకుండా ఎన్ని యాంటీబయాటిక్‌లు వాడినా మళ్ళీ వస్తుందంది. రోజుకు నాలుగు గ్లాసుల పాలు తాగి అన్నం ముట్టని పిల్ల మాది. పాలు రెండుకు తగ్గించాం. రాగి సంకటి, పప్పు, జామకాయ, బొప్పాయి మొదలుపెట్టాం. విరేచనం మెత్తబడే సిరప్ కొన్నాళ్ళు ఇచ్చారు. అన్నం తిన్న తర్వాత అయిదు నిమిషాలు కూర్చోబెడతాం, పోయినా పోకపోయినా తిట్టం. కమోడ్ మీద కాళ్ళు వేలాడుతుంటే పిల్లలు బిగుసుకుపోతారు, పాదాల కింద పీట వేయండి. స్కూల్లో టీచర్‌తో మాట్లాడితే ఇప్పుడు ఆయమ్మే రెండు గంటలకోసారి తీసుకెళ్ళి తలుపు దగ్గర నిలబడుతోంది. మడమ ఆట దానంతటదే పోయింది.

కడగడం గురించి కూడా ఒక మాట. డాక్టర్లు "ముందు నుంచి వెనక్కి తుడవండి" అంటారు, మనం తుడవం, కడుగుతాం. మన ఇళ్ళలో చెయ్యి ఎటుపడితే అటు పోతుంది. చెంబు నీళ్ళు ముందు నుంచి పోసి, చెయ్యి వెనక్కే పోనివ్వండి. పాప సొంతంగా కడుక్కుంటానంటే కొన్నాళ్ళు మీరు పక్కనే ఉండండి.

టెస్ట్ విషయానికి వస్తే, ల్యాబ్‌లో స్టెరైల్ డబ్బా అడిగి తెచ్చుకోండి. ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు. మీ చేతులు, పాప ముందు భాగం ఉత్త నీళ్ళతో కడిగి, మొదటి చుక్కలు వదిలేసి మధ్యలో వచ్చేది పట్టాలి. మాకు మొదటిసారి సగం నా చేతి మీదే పడింది, పర్వాలేదు, టెస్ట్‌కు కొంచెం చాలు. పట్టాక గంటలోపు ల్యాబ్‌కు చేర్చండి, ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో పెట్టండి. కల్చర్ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అందాకా ఏం చేయాలో డాక్టర్ చెప్తారు. రాత్రిళ్ళు పాప అక్కడ గోక్కుంటోందా అని కూడా చూసి చెప్పండి, నులిపురుగులున్నా ఎర్రబడి మంట పుడుతుంది, దానికి మందు వేరు.

బార్లీ నీళ్ళు ఇవ్వండి, మంచిదే. అత్తమ్మతో గొడవెందుకు, నీళ్ళు ఏ రూపంలో పోయినా ఉచ్చ పల్చబడి మంట తగ్గుతుంది. అది క్రిమిని మాత్రం చంపదు.

జ్వరం లేదు కాబట్టి రేపు పొద్దున చూపిస్తే చాలనుకుంటాను. రాత్రికి జ్వరం వచ్చినా, వాంతులైనా, నడుం పక్కన నొప్పి అన్నా, ఉచ్చలో ఎరుపు కనిపించినా, అసలు పోయకుండా ఉండిపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. ఈలోపు పోసేటప్పుడు బాగా ఏడుస్తుంటే, గోరువెచ్చని ఉత్త నీళ్ళు ఉన్న బేసిన్‌లో కూర్చోబెట్టి అందులోనే పోయమనండి. మా పాపకు ఆ మూడు రోజులూ అలాగే గడిపాం.