స్కూల్ రెస్ట్‌రూమ్‌లో ప్యాడ్ల బాక్స్ ఎప్పుడూ ఖాళీయే: ఎవరిని అడగాలి?

ఏడో తరగతి చదువుతున్న మీ అమ్మాయి ప్యాడ్ కోసం క్లాసు మధ్యలో నర్సు గదికి వెళ్లాల్సి వస్తోందని రాశారు. మీరుండేది కాలిఫోర్నియాలో, స్కూలు పబ్లిక్‌ది కాబట్టి మొహమాటపడక్కర్లేదండి. మీరు అడిగేది సాయం కాదు, చట్టంలో ఉన్నదే.

2021లో చేసిన రాష్ట్ర చట్టం (అసెంబ్లీ బిల్లు 367, అంటే ఏబీ 367) ప్రకారం 6 నుంచి 12 తరగతులున్న పబ్లిక్ స్కూళ్లు ప్యాడ్లు, టాంపన్లు రెస్ట్‌రూముల్లోనే ఉచితంగా పెట్టాలి. తర్వాత దాన్ని మూడో తరగతి నుంచే వర్తించేలా మార్చారు. చార్టర్ స్కూళ్లకూ (ప్రభుత్వ డబ్బుతో నడిచే, సొంత నిర్వహణ ఉన్న స్కూళ్లు) ఇదే రూలు. నర్సు దగ్గర స్టాకుంది అంటే సరిపోదు.

మీకు అసలు పనికొచ్చేది ఇంకోటి ఉంది. ఆ రెస్ట్‌రూముల్లో ఒక నోటీసు అంటించి, స్టాకు చూసుకునే మనిషి ఈమెయిల్, ఫోన్ నంబరు అందులో ఇవ్వాలి. అమ్మాయిని అది చూసి రాసుకురమ్మనండి. నోటీసే లేకపోతే మరీ మంచిది, ఫిర్యాదుకి ఇంకో పాయింటు దొరికినట్టే!

నోటీసులో ఉన్న ఆ మనిషికి, ప్రిన్సిపాల్‌కి కాపీ పెట్టి చిన్న మెయిల్ రాయండి: ఏ రెస్ట్‌రూము, ఏ రోజుల్లో ఖాళీగా ఉంది, ఈ రూలు ఉన్న చోటు (కాలిఫోర్నియా ఎడ్యుకేషన్ కోడ్ సెక్షన్ 35292.6). అమ్మాయి పేరు రాయకండి, ఆ వయసులో పిల్లలకి అదో టెన్షన్. వారంలో జవాబు రాకపోతే అదే మెయిల్ స్కూల్ డిస్ట్రిక్ట్ ఆఫీసుకి పంపండి. ఈలోపు బ్యాగులో చిన్న పౌచ్‌లో రెండు ప్యాడ్లు ఉంచండి.