ఆట రాకముందే మనసు విరిగిన మా అల్లుడికి

అల్లుడా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ మొత్తం విన్నాను. కొత్త ఫుట్‌బాల్ గేమ్ రావడానికి ఇంకా వారాలు ఉండగానే నీ మనసు విరిగిపోయింది. ఒక క్లబ్బును సీజన్ తర్వాత సీజన్ నడిపించే కెరీర్ మోడ్ ఊసే ట్రైలర్‌లో లేదన్నావు. చూపించిందంతా ఆటగాళ్ల కార్డులు, అవి దొరికే ప్యాకులేనన్నావు. నీ దోస్తులు ఒక్కొక్కరే ఆర్డర్ రద్దు చేసుకుంటుంటే, నువ్వు మాత్రం ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన పైసలతో పెద్ద ఎడిషన్ ముందే బుక్ చేసుకొని కూర్చున్నావు. ఉంచాలా, తీసేయాలా అని అడిగావు. ఫోన్‌లో చెబితే సగం గుర్తుండదు, అందుకే రాస్తున్నాను.

ఆట కోసం ఇంత రంది ఎందుకని ఇంట్లో ఎవరైనా అంటే చిన్నబుచ్చుకోకు. వాళ్లకు ఆ ఆట తెలియదు, నాకు తెలుసు. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర గేమ్ షాపు నడిపిన రోజుల్లో, కాలేజీ నుంచి నేరుగా వచ్చి, గంటకు ఇంతని కట్టి, ఒకే కుర్చీలో ఇద్దరు సర్దుకొని ఆడే పిల్లల్ని చూశాను. మన దగ్గర పిల్లలకు దొరికేది క్రికెట్ బ్యాటు. ఫుట్‌బాల్ మ్యాచ్ టీవీలో వస్తే అది అర్ధరాత్రి. మెస్సీ ఎట్లా పరిగెత్తుతాడో, బార్సిలోనా జెర్సీ ఏ రంగో చాలామందికి ముందు ఆ స్క్రీన్ మీదే తెలిసింది. అంత ఇష్టపడ్డ ఆటను నిర్లక్ష్యంగా తయారు చేస్తున్నారని అనిపిస్తే బాధ కలగడం న్యాయమే. నీ బాధను నేను తక్కువ చేయను.

సూటిగా చెప్తున్నా. ఆర్డర్ ఇవాళే రద్దు చెయ్యి. అలాగని ఆట చెత్త అని ఇప్పుడే తీర్మానించకు. ఆట నీ చేతికొచ్చి నువ్వు ఆడేదాకా పైసలూ నీ దగ్గరే ఉండాలి, తీర్పూ నీ దగ్గరే ఉండాలి. నీ దోస్తులు మొదటిది చేశారు, రెండోది మరిచిపోయారు. నువ్వు రెండూ చెయ్యి.

ముందే బుక్ చేయడం ఒకప్పుడు అర్థమున్న పని. డిస్కులు హైదరాబాద్ నుంచి రావాలి, వచ్చిన నాలుగూ అమ్ముడుపోతే మళ్లీ ఎప్పుడొస్తాయో తెలియదు. ఇప్పుడు నువ్వు కొనేది డౌన్‌లోడ్. అది ఎంతమంది కొన్నా అయిపోదు. పెద్ద ఎడిషన్‌లో అదనంగా వచ్చేది ముఖ్యంగా వారం రోజులు ముందు ఆడే వీలు, కొన్ని పాయింట్లు, కొన్ని కార్డులు. నువ్వు ఆడేదేమో కెరీర్ మోడ్. ఆ పాయింట్లూ కార్డులూ అల్టిమేట్ టీమ్, అంటే కార్డులు కూడబెట్టి జట్టు కట్టే మోడ్, ఆడేవాళ్లకు తప్ప నీకు ఎందుకూ పనికిరావు. అంటే ఒక్క వారం తొందర కోసం నువ్వు అంత పోస్తున్నావు.

ఆ తొందర ఎక్కడి నుంచి వస్తుందో కూడా నాకు తెలుసు. ఈ ఆట తయారుచేసే ఈఏ కంపెనీ, ఒకప్పుడు ఫిఫా పేరుతో, ఇప్పుడు ఎఫ్‌సీ పేరుతో ఏటా ఒకటి తెస్తుంది. ఈ మధ్య అది సెప్టెంబరు చివర్లో వస్తోంది. 2023లో 29న, 2024లో 27న, 2025లో 26న వచ్చింది. మనకు బతుకమ్మ, దసరా సెలవులు అటూ ఇటూగా అప్పుడే. సెలవుల్లో ఆడకపోతే ఇంకెప్పుడు అనిపిస్తుంది. కానీ విడుదలైన మొదటి వారాల్లోనే ఈ ఆటల్లో తప్పులు ఎక్కువ. ఫిఫా 23 వచ్చినప్పుడు చీటింగ్ ఆపడానికి పెట్టిన కొత్త సాఫ్ట్‌వేర్ వల్ల కంప్యూటర్‌లో చాలామందికి ఆట తెరుచుకోనే లేదు. సెలవులన్నీ ఎర్రర్ మెసేజ్ చూస్తూ గడపడం కన్నా దసరాకు పాత ఆటే ఆడుకోవడం మేలు.

రద్దు చేసే పద్ధతి చెప్తాను. నువ్వు స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో కొన్నావు కాబట్టి విడుదలకు ముందు ఎప్పుడైనా రద్దు అడగొచ్చు. విడుదలయ్యాక అయితే కొన్న 14 రోజుల్లోపు, మొత్తం ఆడింది 2 గంటలకు మించకుండా ఉంటేనే ఇస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. వారం ముందు ఆడనిచ్చే ఎడిషన్లలో ఆ ముందు ఆడిన సమయం కూడా 2 గంటల లెక్కలోకి వస్తుంది. 2024లో ఆ నిబంధన స్పష్టం చేశారు. కాబట్టి ముందుగా ఆడి చూసి, నచ్చకపోతే అసలు విడుదల రోజున తిరిగిచ్చేద్దాం అనుకుంటే కుదరదు. రద్దు అడిగినప్పుడు డబ్బు స్టీమ్ వాలెట్‌లోకి కావాలా, కట్టిన దారిలోనే వెనక్కి కావాలా అని అడుగుతుంది. రెండోదే పెట్టు. వాలెట్‌లో పడిన పైసలు ఇంటికి రావు, ఇంకో గేమ్‌కే పోతాయి.

ఇక ట్రైలర్ గురించి. ట్రైలర్ చూసి ఆట ఎట్లా ఉంటుందో తేల్చడం, విత్తనాల ప్యాకెట్ మీది బొమ్మ చూసి పత్తి దిగుబడి లెక్కేసినట్టే. బాగుందని తేల్చినా అంతే, బాగాలేదని తేల్చినా అంతే. కంపెనీ ఎప్పుడూ ముందుగా చూపించేది తనకు ఎక్కువ పైసలు తెచ్చే భాగాన్నే. ఆ ఆటకు పైసలు తెచ్చేది అల్టిమేట్ టీమ్. ఫిఫా 09తో మొదలైన ఆ మోడ్ ఇప్పుడు వాళ్ల వ్యాపారానికి వెన్నెముక. ట్రైలర్‌లో కెరీర్ మోడ్ లేకపోవడం వల్ల తెలిసేది వాళ్లకు ఏది ముఖ్యమో అంతవరకే. కెరీర్ మోడ్ ఎట్లా ఉందో దాన్నిబట్టి తెలియదు.

నువ్వు చూడాల్సింది కింద వచ్చే చిన్న అక్షరాలు. ఫిఫా 22 ట్రైలర్లలో హైపర్‌మోషన్ అని ఆటగాళ్ల కదలికలు ఎంత అందంగా చూపించారో! ఆ టెక్నాలజీ పీఎస్ 5, కొత్త ఎక్స్‌బాక్స్, అప్పట్లో గూగుల్ నడిపిన స్టాడియాలకే. కంప్యూటర్‌లో కొన్నవాళ్లకు పాత తరం ఆటే ఇచ్చారు. ఫిఫా 21 అప్పుడూ అదే జరిగింది, ఫిఫా 23 వచ్చాక గానీ కంప్యూటర్‌కు కొత్తది రాలేదు. నింటెండో స్విచ్ కొన్నవాళ్ల పరిస్థితి ఇంకా అన్యాయం. ఫిఫా 20 నుంచి 23 దాకా లెగసీ ఎడిషన్ అని పాత ఆటకే కొత్త జెర్సీలు, కొత్త ఆటగాళ్ల జాబితా తగిలించి అమ్మారు. నీ మెషీన్‌కు ఏ వెర్షన్ వస్తుందో ముందు అది తెలుసుకో. ఈ మధ్య ఆటలకు కనీసం జీటీఎక్స్ 1050 టీఐ లాంటి గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్, 100 జీబీ ఖాళీ కావాలి. నీ లాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉందో లేదో చూసుకున్నావా? ఇంకోటి, నకిరేకల్‌లో మీ ఇంట్లో నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాటే. రోజుకు వచ్చే డేటాతో 100 జీబీ దించడం అయ్యే పని కాదు. కొనే రోజు వస్తే లాప్‌టాప్ పట్టుకొని మా ఇంటికి రా, ఇక్కడ ఫైబర్ ఉంది.

ఈఏకు పోటీ కంపెనీ కొనామీ సంగతి కూడా నీకు తెలియాలి. మా షాపుకు వచ్చేవాళ్లలో చాలామందికి ఫిఫా కన్నా కొనామీ వాళ్ల ప్రో ఎవల్యూషన్ సాకర్ అంటేనే ప్రాణం. బంతి బరువు, పాస్ ఇచ్చే తీరు అందులో ఎంతో సహజంగా ఉండేవి. 2021 జులైలో ఆ పేరు తీసేసి ఈఫుట్‌బాల్ అన్నారు, ఉచితం అన్నారు. అభిమానులు అప్పుడే నీలాగే దిగులుపడ్డారు. సెప్టెంబరు 30న విడుదలైతే ఉన్నవి తొమ్మిది క్లబ్బులు. కెరీర్ మోడ్ లాంటి మాస్టర్ లీగ్ లేదు. ఆటగాళ్ల ముఖాలు చూస్తే భయం వేసేలా ఉన్నాయి. స్టీమ్‌లో అత్యంత చెడ్డ రేటింగ్ వచ్చిన ఆటల్లో అది చేరింది, కంపెనీ క్షమాపణ చెప్పింది. నవంబరులో రావాల్సిన పెద్ద అప్‌డేట్ వాయిదా పడి 2022 ఏప్రిల్‌లో వచ్చింది. ముందే డబ్బు కట్టి ప్రీమియం ప్యాక్ తీసుకున్నవాళ్లకు వెనక్కి ఇచ్చారు. అభిమానుల భయం నిజమైంది. అయినా ఆ అప్‌డేట్ తర్వాత ఆట మెరుగైంది, మొదటి రోజే తీసిపారేసి మళ్లీ తెరవని వాళ్లకు ఆ సంగతి తెలియదు. నీకు తీర్పు ఆపుకోమని చెప్పేది ఇందుకే.

జట్టుకు మేనేజర్‌గా ఉండి ఆడే ఫుట్‌బాల్ మేనేజర్ 25ది ఇంకో కథ. కొత్త ఇంజన్‌కు మారే పనిలో ఒకసారి వాయిదా, రెండోసారి వాయిదా, చివరికి 2025 ఫిబ్రవరిలో ఆటనే రద్దు చేశారు. ముందే కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చారు. అభిమానులు ఎంత బాధపడ్డా, సగం ఉడికిన ఆటను అమ్మకుండా ఆపడం మంచి పనేనని నేను అనుకుంటాను. తర్వాతిది ఆ ఏడాది నవంబరులో వచ్చింది.

పేర్ల మీద మాత్రం బాధపడకు. నీ మెసేజ్‌లో సగం ఏ క్లబ్బు పేరు పోయింది, ఏ స్టేడియం పోయింది అనే ఉంది. అవి లైసెన్సు ఒప్పందాలు. ఫిఫా 20లో యువెంటస్ హక్కులు కొనామీ దగ్గర ఉండటంతో పీమోంటే కాల్చియో అనే పేరు పెట్టారు, ఆడినప్పుడు ఎవరికీ ఏ తేడా రాలేదు. ఫిఫా అనే పేరే 2023లో పోయి ఎఫ్‌సీ అయింది. ఆట అదే.

నువ్వు నిజంగా జాగ్రత్తపడాల్సింది ప్యాకుల దగ్గర. నువ్విప్పుడు కార్డులంటే అసహ్యం అంటున్నావు. రేపు కెరీర్ మోడ్ విసుగొచ్చిన రోజు, దోస్తులందరూ అందులోనే ఉన్న రోజు, ఒక్క ప్యాకు కొందామనిపిస్తుంది. ఏ ఆటగాడు వస్తాడో తెలియకుండా పైసలు పెట్టడం జూదమేనని బెల్జియం ప్రభుత్వ కమిషన్ 2018లో తేల్చింది. దాంతో 2019 జనవరి నుంచి అక్కడ ప్యాకులు కొనడానికి వాడే ఫిఫా పాయింట్లు అమ్మడం ఆపేశారు. ఇక్కడ ఎవరూ ఆపరు. పైగా నువ్వు కొన్న జట్టు మరుసటి ఏడాది ఆటలోకి రాదు, మళ్లీ మొదటి నుంచి కూడబెట్టుకోవాలి. నాన్న కార్డు, యూపీఐ ఆ అకౌంట్‌కు కలిపి ఉంటే ఇప్పుడే తీసెయ్. ఈ ఒక్క మాట మాత్రం తప్పకుండా విను.

ఆట వచ్చాక ఏం చేయాలంటే, ఈఏ ప్లే చందా ఒక్క నెలకు తీసుకో. కొత్త ఆటను 10 గంటలు ఆడనిస్తారు. ఆ 10 గంటలూ కెరీర్ మోడ్‌లోనే గడుపు. ఒక సీజన్ సగం ఆడు. ఎదుటి జట్టు ఎట్లా ఆడుతోంది, ట్రాన్స్‌ఫర్లు అర్థవంతంగా ఉన్నాయా, యువ ఆటగాళ్లు ఎదుగుతున్నారా చూడు. నచ్చితే నవంబరు నెలాఖరు సేల్ దాకా ఆగు, ధర బాగా తగ్గుతుంది. అప్పటికి రెండు మూడు అప్‌డేట్లు వచ్చి సగం తప్పులు సర్దుకుంటాయి. నచ్చకపోతే నీకు పోయింది ఒక్క నెల చందా.

నచ్చకపోతే ఊరుకోమని కూడా నేను చెప్పను. చెప్పు, గట్టిగా చెప్పు. కానీ తయారుచేసే ఇంజనీర్లను బూతులు తిట్టడం వదిలెయ్. ధర పెట్టేది వాళ్లు కాదు, ప్యాకులు పెట్టేదీ వాళ్లు కాదు. 2019లో ఫిఫా 20 వచ్చినప్పుడు కెరీర్ మోడ్‌లో పెద్ద క్లబ్బులు ముఖ్యమైన మ్యాచ్‌లకు కూడా తమ బలహీన ఆటగాళ్లను దించేవి. లీగ్ పట్టికలన్నీ తలకిందులు అయ్యేవి. అభిమానులు ఫిక్స్ కెరీర్ మోడ్ అనే హ్యాష్‌ట్యాగ్‌తో ఆ పట్టికల ఫొటోలు పెట్టి, ఏ తేదీన ఏ జట్టులో ఎవరిని దించారో చూపించారు. కంపెనీ అప్‌డేట్లు ఇచ్చింది, తర్వాతి ఏడాది ఫిఫా 21లో కెరీర్ మోడ్‌కు చెప్పుకోదగ్గ మార్పులు చేసింది. ఏ మోడ్, ఏ నిమిషం, ఏం జరిగింది, ఏం జరగాలి అని రాస్తేనే అవతలివాడు సరిచేయగలడు. నీకు ఇంగ్లిష్‌లో రాయడం వచ్చు, వీడియో తీయడం వచ్చు. ఆ పని నువ్వు చెయ్యి.

దోస్తులతో లొల్లి మాత్రం తెంపుకో. ఆర్డర్ ఉంచుకున్నందుకు నిన్ను వాళ్లు వెక్కిరించడం తప్పే. రద్దు చేశాక నువ్వు వెళ్లి ఇంకొకడిని వెక్కిరిస్తే అదీ తప్పే. వాడి పైసలు వాడివి.

ఈలోపు ఆడటానికి ఏమీ లేదనుకోకు. నా దగ్గర ఫిఫా 22 డిస్క్ ఉంది. 2023లో ఎఫ్‌సీ వచ్చే సమయానికి పాత ఫిఫాలను డిజిటల్ స్టోర్లలోంచి తీసేశారు, కాబట్టి ఆ డిస్క్‌ను నేను భద్రంగా దాచాను. ఇండియన్ సూపర్ లీగ్ మొదటిసారి వచ్చింది అందులోనే. మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఉంది. అదే సీజన్‌లో, 2022 మార్చిలో, ఆ జట్టు గోవాలో కేరళ మీద పెనాల్టీల్లో గెలిచి నిజంగానే కప్పు కొట్టింది. ఆ ఆటలో సొంత క్లబ్బు తయారు చేసుకునే వీలు కూడా ఉంది. నల్లగొండ పేరుతో ఒక జట్టు పెట్టి ఆ లీగ్‌లో దించు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం మన దగ్గరివాడే. ఆయన కోచ్‌గా భారత్ 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన గురించి చదువుకొని, నీ జట్టును అట్లా తీర్చిదిద్దుకో. అట్లాంటి కెరీర్ నీకు ఏ ట్రైలర్‌లోనూ చూపించరు.

సెలవులకు అక్కను తీసుకొని వచ్చెయ్. పీఎస్ 4 టీవీకి కలిపే ఉంది. నీ కంట్రోలర్ తెచ్చుకో, ఇక్కడ ఒక్కటే సరిగా పనిచేస్తోంది. రద్దు చేశాక డబ్బు బ్యాంకులో పడగానే నాకు మెసేజ్ పెట్టు.

నీ మేనమామ,
నల్లగొండ