పిన్నికి దాచిన నాలుగు పొట్లాలు

"ఎక్కువమందికి ఎక్కువ మేలు జరిగేదే సరైన పని అంటే తప్పేముంది? ఉపయోగితావాదాన్ని అందరూ ఎందుకు తిడతారు?" అని అడిగారు. నాకు పుస్తకాలకంటే ముందు 2024 సెప్టెంబరు గుర్తొస్తుంది.

విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ మునిగిన రెండో రోజు. మా సత్యనారాయణపురం వీధివాళ్లం ఐదొందల పులిహోర పొట్లాలు, కొన్ని పాల ప్యాకెట్లు పట్టుకుని ఫ్లైఓవర్ దాకా వెళ్లాం. దొరికింది ఒక్కటే పడవ. "లోపలికెళ్తే చీకటి పడుద్ది బాబూ, ఇక్కడే పంచితే పావుగంటలో ఐపోద్ది" అన్నాడు పడవాయన. సబబే అనిపించింది. లోపలికి వెళ్తే నూటయాభై మందికి కూడా అందవు మరి. అక్కడే పంచేశాం. చెయ్యి చాపినవాళ్లలో కొందరి చంకలో అప్పటికే వేరేవాళ్లిచ్చిన పొట్లాలున్నాయి.

ఈ వాదం మీద మొదటి నింద ఇదే: తలలు లెక్కపెడుతుంది, ఎవరికి అందిందో చూడదు అని. పాపం, అది అన్యాయం. ఈ వాదానికి పునాది వేసిన బెంథామ్ 1789లో కూడమన్నది తలలను కాదు, సుఖదుఃఖాలను. ఆకలితో ఉన్నవాడికి మొదటి పొట్లం ఇచ్చే సుఖం, కడుపు నిండినవాడికి రెండోది ఇవ్వదు. ఆ లెక్కన మేం లోపలికే వెళ్లాల్సింది. మాకే కూడిక రాలేదు.

నాకు మింగుడుపడనిది వేరే ఉంది. పంచకముందే నాలుగు పొట్లాలు సంచి అడుగున దాచాను. పాయకాపురంలో మా పిన్నీ బాబాయీ మేడెక్కి కూర్చున్నారు. పిన్ని ఆకలి, పక్కింటావిడ ఆకలి తక్కెట్లో సమానమే అంటుంది ఈ వాదం. దీనికి పందొమ్మిదో శతాబ్దపు ఉపయోగితావాది సిజ్విక్ నాటి నుంచీ ఒక జవాబుంది: ఎవరివాళ్లను వాళ్లు చూసుకుంటే మొత్తంమీద లోకానికే మేలు, కాబట్టి పర్లేదు. బాగానే ఉంది గానీ, దాచేటప్పుడు నా బుర్రలో లోకం లేదు, పిన్ని ఉంది. ఈ వాదాన్ని విమర్శించిన తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు. ఆపదలో ఉన్న భార్యను కాపాడేవాడు "నా భార్య, పైగా ఇలాంటప్పుడు భార్యను కాపాడటం తప్పు కాదు" అనుకుంటే ఆ రెండో ముక్క అదనం అన్నాడు. (మా పిన్నికి ఇదంతా చెబితే "ముందు పొట్లం ఇటివ్వరా" అంటుంది.)

వరదొచ్చినప్పుడల్లా టీకొట్టు దగ్గర ఒకరుంటారు: "పైన కట్టకి గండి కొడితే నాలుగూళ్లు మునిగినా పట్నం బతుకుద్ది" అని. తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో పెట్టిన అభ్యంతరం ఇలాంటివాళ్లకే. ఒకే మనిషి ఇవాళ పస్తుండి రేపు తింటే అది అతని ఇష్టం. ఒకడి పస్తును ఇంకొకడి భోజనంతో చెల్లువేయడం కుదరదు. దానికి, విడి పనిని గాక నియమాన్ని తూచాలనే ఉపయోగితావాదులు ఏమంటారంటే, గండి కొట్టే అలవాటు మొదలైతే ఏ ఊళ్లోనూ ఎవరికీ నిద్రపట్టదు, అందుకని కొట్టకూడదు. తీర్పు సరిగ్గానే వచ్చింది. కారణమే పరాయిది. "నా ఇల్లు ముంచడానికి నువ్వెవరు?" అని రైతు అడుగుతుంటే "నిజమేనయ్యా, పక్కూరివాళ్లకి నిద్రపట్టదు" అన్నట్టుంది. పిన్ని సంగతీ అంతే. నా పేచీ అల్లా అదే.

అలాగని ఈ వాదాన్ని వదిలెయ్యలేను. మూడో రోజు పడవాయన్ని బతిమాలి లోపలికి తీసుకెళ్లింది ఆ సరిచేసుకున్న లెక్కే. ఒక సందులో రెండో అంతస్తు నుంచి ఒకావిడ తాడు కట్టిన ప్లాస్టిక్ బకెట్ దించింది. అందులో ఖాళీ పాలసీసా ఉంది. పాల ప్యాకెట్లన్నీ ముందురోజే ఫ్లైఓవర్ దగ్గర అయిపోయాయి. రెండు పులిహోర పొట్లాలు పెట్టి, తాడు లాగమన్నాం.