ఆపరేషన్ తర్వాత నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాలంటే

బరువు తగ్గించే సర్జరీ చేయించుకున్నవాళ్లు సొంతంగా మీటింగులు పెట్టుకోవడం గురించి బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి మా ఆరోగ్య బృందం జవాబులు.

ప్రశ్న: మేం మారతహళ్లి, బ్రూక్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగువాళ్లం. పదిమందిమి స్లీవో (కడుపులో చాలా భాగం తీసేసే ఆపరేషన్) బైపాసో (కడుపును చిన్న సంచిలా చేసి పేగుకు అతికే ఆపరేషన్) చేయించుకున్నాం. ఆస్పత్రి మీటింగు ఇంగ్లిషులో, కన్నడంలో సాగుతుంది. మాలో పెద్దవాళ్లకు అక్కడ నోరు పెగలదు. నెలకోసారి మేమే కలుద్దామనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ముందు మీకు సర్జరీ చేసిన బృందానికి చెప్పండి. వాళ్ల డైటీషియన్ మూడు నెలలకోసారి స్వయంగా, మిగతా నెలల్లో ఓ పావుగంట వీడియో కాల్‌లో వస్తే చాలు. ఆ ఏర్పాటు లేకపోతే వైద్యం ప్రశ్నలకు మీలోనే ఎవరో ఒకరు డాక్టరై జవాబులు చెప్పడం మొదలవుతుంది.

రోజు ఒకటే ఉండాలి. రెండో ఆదివారం అనుకుంటే ప్రతి నెలా రెండో ఆదివారమే. పండగ నెలని మానేయకండి. సంక్రాంతికో దసరాకో ముందే ఈ మీటింగుతో పని ఎక్కువ. సమయం ఉదయం పదిన్నర నుంచి పన్నెండు. గంటన్నర దాటనివ్వకండి. ఆపరేషనైన కొత్తలో కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు తింటారు. భోజనం వేళ దాటిపోతే ఆకలి మీద ఇంటికెళ్లి గబగబా తింటారు. గబగబా తింటే వాంతి.

స్థలం అనగానే అందరికీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్ గుర్తొస్తుంది. మేమైతే వద్దంటాం. సర్జరీ సంగతి ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పనివాళ్లు మీలో తప్పకుండా ఉంటారు. గేటు దగ్గర పేరూ, వచ్చిన పనీ రాయించుకుంటే వాళ్లు అక్కణ్నుంచే వెనక్కి తిరుగుతారు. ఆస్పత్రి సెమినార్ గది ఆదివారం చాలాచోట్ల ఖాళీగానే ఉంటుంది, అడిగి చూడండి. బయట తీసుకుంటే పర్పుల్ లైన్ మెట్రోకి దగ్గరగా, కుందలహళ్లి, హూడి, కె.ఆర్. పుర స్టేషన్ల వైపు చూడండి. ఆపరేషనై నెల తిరగనివాళ్లు టూవీలర్ మీద అవుటర్ రింగ్ రోడ్డు గుంతల్లో రావాల్సిన పని తప్పుతుంది.

గదిలో ముందు చూడాల్సింది కుర్చీలు. ఇంకా ఆపరేషన్ కాని, అనుమానాలు తీర్చుకుందామని వచ్చే మనిషి 130 కిలోలు ఉండొచ్చు. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ తుంటి దగ్గర పట్టేస్తుంది, నున్నటి టైల్స్ మీద కాళ్లు విచ్చుకుంటాయి. కుర్చీ చాలలేదని ఎవరూ నోరు తెరిచి చెప్పరు, మళ్లీ నెల రారు, అంతే. చేతుల్లేని ఇనప కుర్చీలో, గట్టి చెక్క కుర్చీలో కనీసం ఐదు ఉండాలి. తలుపు దగ్గర రెండు, మిగతావి అక్కడక్కడా వేయండి, ‘లావు వాళ్ల కుర్చీలు’ అని ఒక మూల కనపడకూడదు. గ్రౌండ్ ఫ్లోరో లిఫ్టో, వెస్టర్న్ టాయిలెట్, తాగే నీళ్లు ఎలాగూ కావాలి.

తొంభై నిమిషాల్లో మొదటి పది కొత్తవాళ్ల పరిచయానికి. నలభై నిమిషాలు వరసగా అందరి మాటా. ఇరవై నిమిషాలు ఆ నెల విషయం: జుట్టు రాలడం, పెళ్లి భోజనాలు, తిరుపతి ప్రయాణంలో తిండి, ఇలా. పదిహేను నిమిషాలు డైటీషియన్‌కు ప్రశ్నలు. ఆఖరి ఐదు, వచ్చే నెల ఎవరేం చూసుకోవాలో. పదమూడుమంది దాటితే రెండు గుంపులు చేయండి. మనిషికి మూడు నిమిషాలు కూడా రాకపోతే మాట్లాడినట్టే ఉండదు.

ప్రశ్న: మా గ్రూపులో ఒకాయన మొత్తం సమయం తనే తీసుకుంటాడు. పైగా అందరికీ మందులు చెబుతాడు. పెద్దాయన, గట్టిగా అనలేం.
– కె.ఆర్. పురం పాఠకుడు

జవాబు: ఫోన్లో మూడు నిమిషాల అలారం పెట్టి బల్ల మీద ఉంచండి. మోగేది ఫోను కాబట్టి ఆపింది మీరు కాదు. అప్పటికీ ఆగకపోతే “అన్నగారూ, ఇది ఆఖర్న డైటీషియన్‌గారిని అడుగుదాం” అని కాగితం మీద ఆయన ఎదురుగానే రాసుకోండి. రాసుకుంటున్నారని కనపడితే చాలామంది శాంతిస్తారు.

మందుల విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. “మోకాలి నొప్పికి ఈ బిళ్ల వేసుకున్నా, హాయిగా ఉంది” అన్న ఒక్క మాటతో ప్రమాదం రావచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి బైపాస్ అయినవాళ్లకు పేగు అతుకు దగ్గర పుండు చేస్తాయి, సిగరెట్టూ అంతే. మందు పేరు, మోతాదు మీటింగులో ఎవరూ చెప్పకూడదన్నది మొదటి నియమం చేయండి.

నడిపించే మనిషికి ఇంకొకటి తెలిసుండాలి. కొన్ని మాటలు చర్చకు కావు, వెంటనే ఆస్పత్రికి పంపడానికే. నీళ్లు కూడా నిలవకుండా ఆగని వాంతులు అందులో ఒకటి. అలా కొన్నాళ్లు సాగితే బి1 విటమిన్ పడిపోయి నడక తూలుతుంది, చూపు రెండుగా కనిపిస్తుంది, అశ్రద్ధ చేస్తే నరాల నష్టం అలాగే మిగిలిపోవచ్చు. ఆపరేషనైన తొలి వారాల్లో జ్వరం, కడుపునొప్పి, గుండె దడ కలిసి వస్తే కుట్ల దగ్గర లీకేమో చూడాలి. నల్లటి విరేచనం, కుడి డొక్కలో పైన పట్టేసే నొప్పి కూడా ఈ లెక్కలోవే. త్వరగా బరువు తగ్గినవాళ్లలో పిత్తాశయంలో రాళ్లు రావడం మామూలే.

ప్రశ్న: మీటింగుకి తలా ఒకటి వండుకొస్తామంటున్నారు. ఏం పెట్టమంటారు?
– ఒక గృహిణి, వైట్‌ఫీల్డ్

జవాబు: ఏమీ పెట్టొద్దు. ఎవరి నీళ్ల సీసా వాళ్లు తెచ్చుకుంటే చాలు. మూడో వారంలో ఉన్నవాళ్లు మెత్తగా రుబ్బింది తప్ప తినకూడదు, ఏడాది దాటినవాళ్లు గుగ్గిళ్లు తినగలరు, ఒకే పళ్లెం ఇద్దరికీ కుదరదు. స్వీటు అసలే వద్దు. బైపాస్ అయినవాళ్లకు తీపి తిన్న పది నుంచి ముప్పై నిమిషాల్లో చెమటలు, దడ, విరేచనం పట్టుకోవచ్చు. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి, అప్పటికి మనిషి ఇంటిదారిలో బండి మీద ఉంటుంది. మీటింగయ్యాక బై టూ కాఫీకి వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు, ఆ కాఫీతో ఐరన్ బిళ్ల మాత్రం మింగకూడదు, ఒంటికి పట్టదు. కాల్షియానికీ ఐరన్‌కీ మధ్య కూడా రెండు గంటల ఎడం కావాలి.

మీ వంట ఉత్సాహాన్ని ఒక నెల ఇలా వాడండి. అందరూ రోజూ తినే గిన్నె, ఒక రోజు తిన్నదాని జాబితా పట్టుకురావాలి. బల్ల మీద వంటింటి తూకం పెట్టి మాంసకృత్తులు లెక్కేయండి. రోజుకు 60 నుంచి 80 గ్రాములు అందాలి. గుడ్డుకు 6, 200 మి.లీ. పాలకు 6 లేక 7, వంద గ్రాముల పనీర్‌కు సుమారు 18, ఉడికిన చికెన్ వంద గ్రాములకు పాతిక పైన, పొడిగా తూచిన 30 గ్రాముల సోయా చంక్స్‌కు 15. ఇడ్లీకి రెండే. పొద్దున రెండిడ్లీలు, మధ్యాహ్నం రసమన్నం తినే మనిషి సాయంత్రానికి పది గ్రాములు కూడా దాటదు. జుట్టు ఎందుకింత ఊడుతోందని అడిగేది కూడా చాలాసార్లు ఆ మనిషే. మూడో నెల నుంచి ఆరో నెల దాకా కొంత ఊడటం చాలామందికి ఉంటుంది, మాంసకృత్తులు, ఐరన్ తక్కువైతే ఎక్కువ ఊడుతుంది.

ప్రశ్న: రెండేళ్లు దాటినవాళ్లు రావడం మానేశారు. కొందరికి బరువు మళ్లీ పెరిగిందట. ఫోన్ చేసినా ఎత్తరు.
– గ్రూపు నడిపే పాఠకురాలు, ఇందిరానగర్

జవాబు: మా ఉద్దేశంలో ఈ మీటింగులు అందరికన్నా ఎక్కువ వీళ్లకోసమే. కొత్తవాళ్లకు ఆస్పత్రి ఎలాగూ ఫోన్ చేస్తుంది.

వాళ్లు మానేయడానికి కారణం మీ గదిలోనే ఉండొచ్చు. “ఈ నెల ఐదు కిలోలు!” అనగానే అందరూ చప్పట్లు కొడతారు. తర్వాత వంతు మూడు కిలోలు పెరిగిన మనిషిది. ఆమె ఏం చెప్పగలదు? చప్పట్లు మానేయండి, బరువు యంత్రం గదిలోకి రానివ్వకండి. కిలోల మాట ఎత్తకుండానే మీటింగు నడపొచ్చు: మెట్లెక్కగలుగుతున్నారా, షుగర్ బిళ్ల తగ్గిందా, నిద్ర పడుతోందా.

మామూలుగా ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య, కొందరికి రెండేళ్లకి బరువు అట్టడుక్కి చేరుతుంది. తర్వాత కొంత తిరిగి రావడం చాలామందికి ఉంటుంది. ఈ ముక్క కొత్తవాళ్లకు మొదటి మీటింగులోనే చెప్పండి. ముందే విన్నవాళ్లు పెరిగినప్పుడు దాక్కోరు. స్లీవ్‌లో ఆకలి హార్మోన్ ఎక్కువగా తయారయ్యే భాగం పోతుంది కాబట్టి మొదట్లో ఆకలి మందంగా ఉంటుంది, కాలం గడిచేకొద్దీ మళ్లీ తెలుస్తుంది. చికెన్ ముక్క కడుపులో నిలబడుతుంది, బిస్కెట్లూ మిక్చరూ జ్యూసూ జారిపోతాయి. రోజంతా కొంచెం కొంచెం నముల్తూ ఉంటే చిన్న కడుపు అడ్డుపడదు.

మూడు నెలలకోసారి రెండేళ్లు దాటినవాళ్లకు మాత్రమే వేరే మీటింగు పెట్టండి. పెరిగిన మనిషినే మొదట మాట్లాడమనండి. అడగాల్సినవి: విటమిన్లు ఎప్పుడు మానేశారు, రక్తపరీక్ష ఎప్పుడు చేయించారు, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక వైద్యం మందులు ఏవైనా కొత్తగా మొదలయ్యాయా. థైరాయిడ్ చూడాలి, అవసరమైతే డాక్టరు ఎండోస్కోపీ చేసి కడుపు సాగిందేమో చూస్తారు. “నోరు కట్టుకోలేదు” అని ఎవరైనా అంటే అక్కడే ఆపండి.

వరసగా రెండు మీటింగులు రానివాళ్లకు ఒకే మనిషి ఫోన్ చేయాలి, అదీ వాళ్లకు చనువున్న మనిషి. ఎత్తకపోతే “అక్కా, బావున్నారా” అని మెసేజ్ చాలు, బరువు ఊసు వద్దు. దిగులుగా, ఒంటరిగా ఉన్నట్టు తోస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఇవ్వండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. తాగుడు విషయమూ కనిపెట్టండి. బైపాస్ తర్వాత మద్యం త్వరగా తలకెక్కుతుంది, తిండి మీద యావ తాగుడు మీదికి మళ్లినవాళ్లున్నారు. దాన్ని మీటింగులో బాగుచేయలేరు, మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపు పెట్టాలా?
– మారతహళ్లి పాఠకుడు

జవాబు: మామూలు గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి, ఫొటోలు బయటికి పోతాయి. మీటింగు కబురుకు బ్రాడ్‌కాస్ట్ లిస్టు చాలు. అయితే మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది కాబట్టి మొదటి రోజే సేవ్ చేయించండి. ప్రోటీన్ పొడి కంపెనీవాళ్లు హాలు అద్దె కడతామని వస్తే వద్దనండి. అద్దె వాళ్లదైతే ఆ నెల విషయమూ వాళ్లదే అవుతుంది.

ప్రశ్న: మా అత్తగారిని వెంట తీసుకురావచ్చా? ఇంట్లో వడ్డించేది ఆవిడే.
– ఒక కోడలు, హూడి

జవాబు: నెలనెలా వద్దు. అత్తగారి ముందు కోడలు, భర్త ముందు భార్య మనసులో మాట చెప్పరు. ఆర్నెల్లకోసారి ఇంటివాళ్ల మీటింగు పెట్టి ఆ రోజు రెండు గదులు తీసుకోండి, ఒకదాంట్లో మీరు, ఇంకోదాంట్లో డైటీషియన్‌తో పెద్దవాళ్లు. వాళ్లకు చెప్పించాల్సింది కొంచెమే: చిన్న గిన్నెలో వడ్డించాలి, పప్పో గుడ్డో ముందు, అన్నం తర్వాత. ఇరవై, ముప్పై నిమిషాలు కూర్చుని నమలనివ్వాలి. మధ్యలో నీళ్లివ్వకూడదు, తిన్న అరగంటకు ఇవ్వాలి. చాలు అన్న తర్వాత “ఇంకొక్క ముద్ద” అంటే ఆ ముద్ద వాంతిలో బయటికొస్తుంది. ఇది మీరు చెబితే తిండికి వంకలు పెడుతోందంటారు, డైటీషియన్ నోట వింటే నమ్ముతారు.