పిల్లల ఇన్ఫెక్షన్ సర్వేలో ‘వెయిటింగ్’ అంటే ఫలితాలను మార్చడమేనా?

కాదు, వెయిటింగ్ (weighting, అంటే ఒక్కో ఫలితానికి తగిన బరువు ఇవ్వడం) ఏ బిడ్డ పరీక్ష ఫలితాన్నీ మార్చదు, ఆ ఒక్క ఫలితం ఎంతమంది పిల్లల తరఫున లెక్కకు రావాలో మాత్రమే సరిచేస్తుంది. సర్వేకు దొరికే పిల్లలు జిల్లాలోని పిల్లలందరి నిష్పత్తిలో ఉండరు: బడికి, ఆసుపత్రికి దగ్గరున్నవారు ఎక్కువగా, కొండవార పల్లెలవారు, బడి మానినవారు తక్కువగా దొరుకుతారు.

తిరుపతి జిల్లాలో 1,000 మందిని పరీక్షిస్తే అందులో 700 మంది పట్టణాలవారు, 300 మంది పల్లెలవారు అనీ, నిజానికి జిల్లా పిల్లల్లో పట్టణాల వాటా 40 శాతమేననీ అనుకుందాం. ఇన్ఫెక్షన్ పట్టణాల్లో 20 శాతం, పల్లెల్లో 40 శాతం ఉంటే నేరుగా తీసిన సగటు 26 శాతం వస్తుంది. అసలు వాటాను నమూనాలోని (పరీక్షించినవారిలోని) వాటాతో భాగించి పల్లె బిడ్డకు 2 (60÷30), పట్టణ బిడ్డకు సుమారు 0.57 (40÷70) చొప్పున వెయిట్ ఇస్తే అంచనా 32 శాతానికి చేరుతుంది.

నమూనా పెద్దదైతే ఇదంతా అక్కర్లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటు. ఒకవైపు ఒరిగిన నమూనా ఎంత పెరిగినా ఒరుగు అలాగే ఉంటుంది. అయితే జ్వరంతో పడుకుని సర్వేకే రాని పిల్లల లోటును మాత్రం, వారి గురించి ఏ వివరమూ నమోదు కాకపోతే, వెయిటింగ్ కూడా పూడ్చలేదు.