బ్లాక్‌కరెంట్ తినకపోయినా సొమెలియర్ కావచ్చు

ప్రశ్న: హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్ రెండో సంవత్సరం చదువుతున్నాను. వయసు 20. క్లాసులో ఒక రెడ్ వైన్, ఒక వైట్ వైన్ గ్లాసుల్లో పోసి, వాసన చూసి వర్ణిస్తూ నోట్ రాయమన్నారు. నేను 'పుల్లటి వాసన', 'ద్రాక్షరసం వాసన' దగ్గరే ఆగిపోయాను. పక్కవాళ్లు బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ, సెడార్ అని రాశారు. అవేవీ నేను తిన్నవి కాదు, చూసినవీ కాదు. నాకు సొమెలియర్ (రెస్టారెంట్‌లో వైన్ ఎంచి వడ్డించే నిపుణురాలు) కావాలని ఉంది. ఈ నాలుకతో అవుతుందా? మందు పోసే ఉద్యోగం వద్దని నాన్న ససేమిరా అంటున్నారు.
– ఒక విద్యార్థిని, పశ్చిమ గోదావరి

జవాబు: తప్పకుండా అవుతుంది. పైగా ఒక విషయంలో మీరు క్లాసులో చాలామంది కన్నా ముందున్నారు. రెడ్ వైన్‌ని వర్ణించేటప్పుడు అన్నిటికన్నా తికమక పెట్టేది టానిన్. కొత్తవాళ్లు దాన్ని చేదు అని రాసేస్తారు, లేదంటే పులుపుతో కలిపేస్తారు. మనకు దానికి చిన్నప్పటి నుంచీ పేరుంది: వగరు. లేత జామపిందె కొరికినప్పుడు, వక్క నమిలినప్పుడు, నేరేడుపండ్లు తిన్నాక నాలుక పట్టేసినప్పుడు తెలిసేది అదే. షడ్రుచుల్లో దాన్ని ఒక రుచిగా లెక్కపెట్టుకుంటాం గానీ, నిజానికది స్పర్శ. టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటాయి. నోట్లో జారుడు పోయి చిగుళ్లు, బుగ్గల లోపలి వైపు గరుకుగా ఆరిపోతాయి. పులుపు చేసే పని దీనికి పూర్తిగా ఎదురు. దవడల పక్క నుంచి నీళ్లూరతాయి. వైన్ ఉమ్మేశాక పది సెకన్లు ఆగి, నోరు ఊరుతోందా, ఆరుతోందా అని చూసుకుంటే సగం నోట్ వచ్చేసినట్టే.

ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఒక ద్రాక్షపండుతో తేల్చుకోవచ్చు. బజారులో దొరికే గింజలున్న నల్లద్రాక్ష, అంటే బెంగళూరు బ్లూ, నాలుగు పండ్లు తెచ్చుకోండి. తొక్క ఊడదీసి గుజ్జు నొక్కితే వచ్చే రసానికి పెద్దగా రంగుండదు. పులుపు, తీపి తప్ప వగరూ ఉండదు. ఇప్పుడు తొక్కనీ గింజనీ విడిగా నమలండి. రంగు, వగరు రెండూ అక్కడున్నాయి. వైట్ వైన్‌కి ద్రాక్షను ముందే పిండి, రసాన్ని మాత్రమే పులియబెడతారు. రెడ్‌కి తొక్కలు, గింజలతో కలిపి పులియబెడతారు. అందుకే వైట్ నోట్‌లో పులుపుదీ, రెడ్ నోట్‌లో వగరుదీ పెద్దపీట.

మీకింకా 21 నిండలేదు. ఏపీ, తెలంగాణల్లో ఆ వయసు రానివాళ్లకు మద్యం అమ్మకూడదు. కాబట్టి ఈ ఏడాది రంగు, వాసనల మీదే పని చేయండి. నోటికి శిక్షణ వంటింట్లోనే జరుగుతుంది. మూడు గ్లాసుల్లో 200 మి.లీ. చొప్పున మరిగే నీళ్లు పోసి, ఒక్కో టీ బ్యాగు వేసి, ఒకటి 2 నిమిషాలకు, ఒకటి 5 నిమిషాలకు, ఒకటి 15 నిమిషాలకు తీసేయండి. పాలు, చక్కెర వద్దు. చల్లారాక ఎవరినైనా గ్లాసులు మార్చి పెట్టమని, కళ్లు మూసుకుని వగరు వరసలో పేర్చండి. పులుపుకి కూడా ఇలాగే 200 మి.లీ. నీళ్లలో నిమ్మరసం పావు, అర, ఒక టీస్పూను. ఇది వచ్చాక, ఒక టీస్పూను నిమ్మరసంతో ఇంకో గ్లాసు చేసి, దానిలో రెండు టీస్పూన్ల చక్కెర కలిపి చూడండి. పులుపు తగ్గినట్టు నాలుక చెబుతుంది. నోట్లో నీళ్లు మాత్రం దాదాపు అంతే ఊరతాయి. కాస్త తీపి ఉన్న వైట్ వైన్లలో ఆమ్లాన్ని తక్కువగా రాసి మార్కులు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. ఇంకో పొరపాటు, పండు వాసన రాగానే తియ్యగా ఉందని రాసేయడం. ముక్కు మూసుకుని నాలుక కొసన చూస్తే అసలు తీపి ఉందో లేదో తెలిసిపోతుంది.

వాసనలకు పన్నెండు చిన్న మూత డబ్బాలు చాలు. నిమ్మ తొక్క, జామపండు, క్యాప్సికమ్ ముక్క, కోసిన గడ్డి, దంచిన మిరియాలు, లవంగం, వెనిల్లా ఎసెన్స్ చుక్క వేసిన దూది, వెన్న, తేనె, ఎండుద్రాక్ష, వెనిగర్, నీళ్లలో తడిపి ఒక రాత్రి మూసిపెట్టిన అట్టముక్క. పండ్లు, గడ్డి రోజూ మార్చాలి. రోజుకు ఐదు నిమిషాలు చూడకుండా గుర్తుపట్టండి, తప్పినవి రాసిపెట్టుకోండి. ముక్కు అలసిపోతే మీ సొంత మోచేతి మడత వాసన చూడండి, మళ్లీ తేరుకుంటుంది.

ఇప్పుడు మిమ్మల్ని భయపెట్టిన మూడు మాటలు. గూస్‌బెర్రీ అనగానే మనవాళ్లు ఉసిరికాయ అనుకుంటారు. కాదు. యూరప్‌లో పెరిగే ఆ పండు వేరే కుటుంబానిది, పచ్చిద్రాక్షకీ పచ్చిజామకీ మధ్య వాసన అనుకోండి. బ్లాక్‌కరెంట్ కూడా అంతే, యూరప్‌లో పెరిగే చిన్న నల్లపండు. కేకుల్లో వేసే కరెంట్స్ అన్నవి చిన్న ఎండుద్రాక్ష, వాటితో దీనికి సంబంధం లేదు. సూపర్‌మార్కెట్‌లో బ్లాక్‌కరెంట్ జామ్ చిన్న సీసా కొని, ఆ వాసన ముక్కుకు ఎక్కించుకోండి. నేరేడుపండు రంగు, వగరు దగ్గరే గానీ వాసన వేరు. సెడార్ అయితే ఒక చెట్టు చెక్క, అప్పుడే చెక్కిన పెన్సిల్ పొట్టును తలపించే వాసన.

ఈ పోలికలు కవిత్వం కాదు. షిరాజ్ అనే రెడ్ వైన్‌లో మిరియాల వాసన తెచ్చే రొటండోన్ అనే పదార్థం మిరియంలో కూడా ఉంది. కాబర్నే సోవిన్యోన్ అనే రెడ్‌లోనూ, సోవిన్యోన్ బ్లాంక్ అనే వైట్‌లోనూ పచ్చి క్యాప్సికమ్ వాసన తెచ్చే మిథాక్సీపైరజీన్లు క్యాప్సికమ్‌లోనూ ఉన్నాయి. ఓక్ చెక్క పీపాలో నిలవ ఉంచిన వైన్‌లో లవంగం తోస్తే అది లవంగంలో ఉండే యూజినాలే. దంచిన మిరియం ఘాటు తెలిసిన ముక్కు ఇక్కడ ఎవరికీ తీసిపోదు. పరీక్షలో ఇంగ్లిష్ మాటే రాయాలి కాబట్టి ఒక నోటుబుక్కులో ఎడమవైపు మీకు తోచిన తెలుగు మాట, కుడివైపు పరీక్ష మాట రాసుకుంటూ పోండి. ఆర్నెల్లలో అదే మీ నిఘంటువు అవుతుంది.

గ్లాసు దగ్గర వరస ఇది. ఐఎస్ఓ టేస్టింగ్ గ్లాసు 215 మి.లీ. పడుతుంది, అందులో 50 మి.లీ.కి మించి పోయకూడదు, తిప్పడానికి ఖాళీ కావాలి. తెల్ల కాగితం మీద గ్లాసును 45 డిగ్రీలు వంచి రంగు చూడండి. వైట్ అయితే లేత నిమ్మ రంగు నుంచి బంగారు రంగుకీ, రెడ్ అయితే ఊదా నుంచి రూబీకీ (కెంపు రంగు), అక్కడి నుంచి గార్నెట్‌కీ (ఇటుక ఛాయ ఎరుపు) వయసుతో పాటు జరుగుతుంది. తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి, చిన్న చిన్న పీల్పులతో వాసన. తర్వాత ఒక గుక్క, నోరంతా తిప్పి, పెదాల మధ్య నుంచి కొంచెం గాలి పీల్చి, ఉమ్మేయాలి. తీపి (అది లేకపోతే 'డ్రై'), ఆమ్లం, టానిన్, ఆల్కహాల్, బాడీ (నోట్లో తోచే బరువు), వాసన బలం, చివరికి రుచి ఎన్ని సెకన్లు నిలిచింది (ముగింపు). ఈ వరస తప్పకండి. మొదట తోచిన పండు పేరు రాసేసి, మిగతావి వదిలేయడం కొత్తవాళ్ల అలవాటు.

'వైట్ వైన్, పుల్లగా, ఫ్రెష్‌గా బాగుంది' అన్న నోట్‌కి మార్కులు రావు. అదే సోవిన్యోన్ బ్లాంక్ మీద పనికొచ్చే నోట్ ఇలా ఉంటుంది: 'తేట, లేత నిమ్మ రంగు. వాసన బలంగా ఉంది: క్యాప్సికమ్, కోసిన గడ్డి, జామ, నిమ్మ తొక్క. ఓక్ జాడ లేదు. డ్రై. ఆమ్లం ఎక్కువ. ఆల్కహాల్ మధ్యస్థం. బాడీ తేలిక. ముగింపు మధ్యస్థం.' ఓక్‌లో ఉంచిన షిరాజ్ అయితే: 'ముదురు రూబీ. నల్ల ప్లమ్, దంచిన మిరియం, లవంగం, వెనిల్లా. డ్రై. ఆమ్లం మధ్యస్థం. టానిన్ ఎక్కువ, కానీ మెత్తగా, పండిన వగరు. ఆల్కహాల్ ఎక్కువ. బాడీ నిండుగా. ముగింపు పొడవు.' ఆల్కహాల్ 14 శాతం, ఆపైన ఉంటే ఎక్కువ కింద లెక్క. గొంతులో వెచ్చగా దిగే ఆ మంటను మిరియం ఘాటుగా పొరబడకండి.

నోట్ తప్పడానికి సగం కారణాలు గ్లాసు బయట ఉంటాయి. అత్తరు, అగరొత్తి, తలనొప్పి బామ్, జడలో మల్లెపూలు ఉంటే మీ నోట్‌తో పాటు పక్కవాళ్లదీ పోతుంది. టూత్‌పేస్ట్, కాఫీ, వక్కపొడి గంట ముందే ఆపండి. ఆ పూట ఆవకాయ వద్దు, కారం నోట్లో ఉంటే ఆల్కహాల్ మంటా, వగరూ రెట్టింపుగా తోస్తాయి. మిగతా రోజుల్లో హాయిగా తినండి, నాలుక పాడవదు. వేడి సంగతి ఇంకా ముఖ్యం. రెడ్ వైన్‌ని గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలన్న మాట యూరప్ చలి ఇళ్లలో పుట్టింది. నిండు రెడ్‌కి 15–18 డిగ్రీలు కావాలి. మన గది వేసవిలో 32 ఉంటే ముందు ఆల్కహాలే ముక్కుకు కొడుతుంది. సీసాను ముందుగానే కొంతసేపు ఫ్రిజ్‌లో పెట్టాలి. వైట్‌ని ఫ్రిజ్ నుంచి తీయగానే పోస్తే వాసన ముడుచుకుపోయి ఉంటుంది, పావుగంట ఆగాలి.

చెడిపోయిన సీసాను పట్టుకోవడం సొమెలియర్‌కి జీతం తెచ్చే విద్య. తడిసిన అట్ట వాసన వచ్చి పండు మాయమైతే టీసీఏ అనే రసాయనం, అంటే కార్క్ దోషం. కోసి వదిలేసిన ఆపిల్ వాసన, గోధుమ రంగు కలిస్తే గాలి తగిలింది. వెనిగర్, గోళ్ల రంగు తుడిచే ద్రావకం వాసనైతే వోలటైల్ (తేలిగ్గా ఆవిరయ్యే) ఆమ్లం పెరిగింది. కార్క్ కొంచెం పైకి తోసుకొచ్చి, పక్కన మరక కనిపిస్తే సీసా ఎండలో ఉడికింది. మే నెల సరుకులో దీన్ని ప్రత్యేకంగా చూడాలి.

ఇక చదువు. లండన్‌లో 1969లో మొదలైన డబ్ల్యూఎస్ఈటీ (వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్) కోర్సులకు హోటళ్లలో విలువ ఉంది. డిగ్రీ అయ్యాక, 21 దాటాక రెండో లెవెల్‌తో మొదలుపెట్టండి. 50 ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, గంట సమయం, పాసవ్వాలంటే 55 శాతం. రుచి పరీక్ష ఉండదు. మూడో లెవెల్‌లో ఉంటుంది: పేరు చెప్పకుండా ఇచ్చిన రెండు వైన్లకు అరగంటలో నోట్స్. ఈ రెంటి మధ్య కనీసం ఏడాది రెస్టారెంట్ ఫ్లోర్ మీద పని చేయడం మంచిది, అప్పు చేసి ఫీజు కట్టి రెండూ వెంటవెంటనే చేయడం కంటే. సర్వీస్ వైపు వెళ్లేవాళ్లకు కోర్ట్ ఆఫ్ మాస్టర్ సొమెలియర్స్ పరీక్షలు వేరే ఉన్నాయి. ఈ రంగంలో అతి కష్టమైన అర్హతల్లో ఒకటైన మాస్టర్ ఆఫ్ వైన్‌ను మన దేశం నుంచి మొదట, 2016లో, సాధించింది సోనాల్ హాలండ్ అనే మహిళ. ఈ మాట నాన్నగారికి చెప్పండి.

నాన్నగారి భయాన్ని కొట్టిపారేయకండి. మన ఊళ్లలో మందు దుకాణం బోర్డు మీద 'వైన్స్' అని రాసి ఉంటుంది, ఆయనకు ఆ మాటతో కనిపించేది అదే. సొమెలియర్ పనిలో ఎక్కువ భాగం సరుకు కొనడం, సెల్లార్ (వైన్ నిలవ గది) లెక్క చూడటం, వంటకానికి తగిన సీసా చెప్పడం, సిబ్బందికి నేర్పడం. అయితే కష్టాలూ దాచకండి. రాత్రి పన్నెండు దాటే షిఫ్టులు, పండగలకు సెలవుల్లేకపోవడం, పన్నెండు సీసాల పెట్టెలు మోయడం ఉంటాయి. తాగుడు అలవాటయ్యే ప్రమాదం ఈ వృత్తిలో నిజంగానే ఉంది. అందుకే ఉమ్మేయడం మర్యాద కోసం పెట్టిన ఆచారం కాదు, ఒంటిని కాపాడుకునే పద్ధతి. ఉమ్మినా కొంత ఒంటికి పడుతుంది కనుక టేస్టింగ్‌కి ఖాళీ కడుపుతో వెళ్లొద్దు, తర్వాత బండి నడపొద్దు. ఆమ్లం పళ్ల ఎనామిల్‌ను మెత్తబరుస్తుంది, వెంటనే బ్రష్ చేయకుండా అరగంట పైనే ఆగండి.

రెస్టారెంట్ ఒక్కటే దారి కాదని కూడా ఆయనకు తెలియాలి. దిగుమతి కంపెనీల్లో శిక్షకులు, క్రూయిజ్ ఓడలు, వైనరీల టేస్టింగ్ రూములు ఉన్నాయి. నాసిక్, బెంగళూరు దగ్గరి నంది హిల్స్ మనకు దూరమేం కాదు. హంపీ కొండల దగ్గర తోట వేసి కాబర్నే సోవిన్యోన్ తీస్తున్న చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హైదరాబాద్ వాళ్లే. నాసిక్‌లో ద్రాక్ష కోత సుమారుగా జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. మీ కాలేజీ ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఆ నెలల్లో పడేట్టయితే ఒక వైనరీకి అక్టోబరులోపే ఉత్తరం రాయండి. కోత మొదలయ్యాక అక్కడ ఎవరికీ మెయిల్ చూసే తీరిక ఉండదు.